రాస్ కొండ నుంచి గ్లాస్గో దాకా



మన విశాఖపట్నం రేవులోకి ఓడలు వచ్చే కాలవ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి, ఒకదానిమీద ఇసాక్ మదీనా బాబా దర్గా, ఇంకొకదానిమీద మేరీమాత. ఆ మూడోదాన్నే రాస్ కొండ అంటాం. 1864లో రాస్ అనే దొర ఆ కొండమీద ఇల్లు కట్టుకున్నాడు. తరవాత ఆ ఇల్లే ప్రార్థనామందిరం అయింది. డిసెంబరు 8వ తేదీన అక్కడ ఉత్సవం. ఆ రోజు మెట్లమీద చూడాలి జనాన్ని! కొవ్వొత్తులూ, పూలదండలూ, చంకన పిల్లలూ. నుదుట ఇంత బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా కొల్లలుగా కనిపిస్తారు. పిల్లాడికి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకున్నవాళ్ళూ, అల్లుడికి రేవులో ఉద్యోగమైతే వస్తానని మొక్కుకున్నవాళ్ళూ. మా అత్తగారూ అలా వెళ్ళినవారే.

అసలీ ప్రసంగానికి కారణం కూడా ఆవిడే. చాలా యేళ్ళ కిందట పాతపట్నంలో ఒక ప్రొటెస్టెంటు చర్చిలో తెలిసినవాళ్ళ పెళ్ళికి మేమిద్దరం వెళ్ళేము. లోపల తెల్లటి గోడలు, బల్లలు, ఎదురుగా ఒక వేదిక, దానిమీద ఒక పుస్తకం. అంతే. అత్తగారు నాలుగువైపులా చూసి, చూసి, నా చెవిలో, "అమ్మాయ్, మరి దేవుడేడీ?" అని అడిగేరు. కొండమీద మేరీమాత పట్టుచీర కట్టుకున్నంత నిండుగా ఉంటుంది కదా, ఇక్కడేమిటి ఖాళీగా ఉందీ అని ఆవిడ సందేహం. నాకు జవాబు తెలియలేదు. "వాళ్ళ పద్ధతి అంతే అత్తయ్యా" అని ఊరుకున్నాను. కాని తెలియని సంగతిని "పద్ధతి" అని తోసేసేనని నాకే కొంచెం సిగ్గుగా ఉండేది.

ఆ జవాబు నాకు దొరికింది స్కాట్లండులో. మా అమ్మాయి సంసారం గ్లాస్గోలో. దాని పురిటికని వెళ్ళి ఆరు నెలలున్నాను. పసివాడు నిద్రపోయే వేళల్లోనూ, అల్లుడికి సెలవు దొరికిన రోజుల్లోనూ అక్కడి పాత చర్చీలు చూసేను. దుకాణాలు చూడొచ్చు కదమ్మా అని అమ్మాయి గోల. దుకాణాలు మనకీ ఉన్నాయి.

గ్లాస్గో మనకి కొత్త ఊరులా అనిపించదు. అదీ రేవు పట్నమే. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టి ప్రపంచమంతా పంపిన ఊరు. మన సింధియా కార్ఖానాలో తయారైన "జల ఉష"ని 1948లో నెహ్రూగారు సముద్రంలోకి విడిచినప్పుడు మనం ఎంత మురిసిపోయేమో, అలాటి మురిపాలు ఆ నది వందల కొద్దీ చూసింది. ఇప్పుడా కార్ఖానాలు చాలామటుకు మూతపడ్డాయి. ఊరు మధ్యలో మాత్రం పన్నెండు, పదమూడు శతాబ్దాల నాటి పెద్ద చర్చి ఒకటి నల్లగా, బొగ్గుపొగ పట్టిన వంటింటి గోడలా నిలబడి ఉంది. అదే గ్లాస్గో కతీడ్రల్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనం పెద్ద చర్చి కనిపిస్తే చాలు, కతీడ్రల్ అనేస్తాం. కాదు. కతెద్రా అంటే కుర్చీ, పీఠం. బిషప్పు పీఠం ఎక్కడుంటుందో అదే కతీడ్రల్, ఎంత చిన్నదైనా సరే. మన ఊళ్ళో జ్ఞానాపురంలోని సెయింట్ పీటర్స్ అలాటిది, విశాఖ కాథలిక్కు ఆర్చిబిషప్పు పీఠం అక్కడుంది. తమాషా ఏమిటంటే, స్కాట్లండు జాతీయ చర్చిలో 1690 నుంచి బిషప్పులే లేరు. అయినా జనం నాలుకమీద కతీడ్రల్ అన్న మాట నిలిచిపోయింది. దొరవారి మేడలో దొరలు లేకపోయినా దొరవారి మేడే కదా!

గ్లాస్గో చర్చి కింద నేలమాళిగ లాంటి ఇంకో చర్చి ఉంది. మెట్లు దిగి వెళ్ళాలి. స్తంభాల అడవి. మధ్యలో ముంగో అనే సిద్ధపురుషుడి సమాధి. ఆరో శతాబ్దంవాడు, ఆ ఊరికి ఇలవేల్పు వంటివాడు. ఆయన కథల్లో ఒకటి వింటే మీరు నవ్వుతారు. ఆ రాజ్యపు రాణి, రాజు తనకిచ్చిన ఉంగరాన్ని ఒక పరిచారకుడికి ఇచ్చిందట. రాజు అది కనిపెట్టి, వాడు నిద్రపోతుండగా వేలినుంచి లాగి నదిలో విసిరేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి, "నా ఉంగరమేదీ?" అని రాణిని నిలదీసేడు. చూపించకపోతే ప్రాణం తీస్తానన్నాడు. రాణి ముంగో కాళ్ళమీద పడింది. ఆయన శిష్యుణ్ణి నదికి పంపి, మొదట దొరికిన చేపని తెమ్మన్నాడు. చేప కడుపులో ఉంగరం! ఇప్పటికీ గ్లాస్గో నగరచిహ్నంలో ఉంగరం కరుచుకున్న చేప ఉంటుంది. వీధి దీపాల స్తంభాలమీద కూడా చూసేను.

శకుంతల ఉంగరం గుర్తుకు రాలేదూ? నాకూ అదే గుర్తొచ్చింది. కాని తేడా చూడండి. మన కథలో ఉంగరం పోయినందుకు శకుంతల అవమానం పాలైంది, దొరికేక రాజు ఏడ్చేడు. వాళ్ళ కథలో ఉంగరం దొరికినందువల్ల రాణి బతికిపోయింది, రాజు నోరు మూసుకున్నాడు. రెండు కథల్లోనూ లెక్క చెప్పుకోవలసింది మాత్రం ఆడదే.

ముంగో తల్లి కథ ఇంకా విచిత్రం. ఆవిడ పేరు తెన్యూ. ఒక రాజు కూతురు. పెళ్ళి కాకుండా గర్భవతి అయిందని తండ్రి ఆవిణ్ణి కొండమీదనుంచి తోయించేడట. చావలేదు. అప్పుడు తెడ్డు లేని చిన్న తోలుపడవలో పడేసి సముద్రంలోకి విడిచేరు. పడవ కొట్టుకుపోయి కుల్రాస్ అనే చోట ఒడ్డు చేరింది. అక్కడ ఇసకలో కన్నది ముంగోని. మన కుంతీదేవి పిల్లవాణ్ణి పెట్టెలో పెట్టి నీళ్ళలో విడిచింది. అక్కడ తల్లినే, కడుపులో పిల్లవాడితో సహా విడిచేరు. కొడుకు ఊరికి దేవుడయ్యేడు. తల్లికి కూడా ఊళ్ళో ఒక చిన్న గుడి కట్టేరు. గుడి పోయింది. తెన్యూ అన్న పేరు జనం నోళ్ళలో నలిగి నలిగి "ఈనాక్" అయింది. ఈనాక్ అంటే బైబిల్లో మగవాడి పేరు! ఇప్పుడు గ్లాస్గో నడిబొడ్డున సెయింట్ ఈనాక్ చౌక్ ఉంది, భూగర్భ రైలు స్టేషనుంది, పెద్ద బజారుంది. అక్కడ రోజూ దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసో, తాము దిగుతున్నది నీళ్ళలోకి తోసేసిన ఒక తల్లి పేరుమీద అని!

సరే, అత్తగారి ప్రశ్నకి వద్దాం. దేవుడేడీ?

సెయింట్ ఆండ్రూస్ అని తూర్పు తీరాన ఒక ఊరుంది. సముద్రం పక్కనే, మన భీమిలిలాగ. అక్కడి కతీడ్రల్ స్కాట్లండులో అన్నిటికంటె పెద్దది. పొడవే సుమారు 390 అడుగులు. కట్టడానికి నూట యాభై యేళ్ళ పైచిలుకు పట్టింది. 1318లో ప్రతిష్ఠ జరిగినప్పుడు రాబర్ట్ బ్రూస్ మహారాజు స్వయంగా వచ్చేడు. చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం కదూ, సాలెపురుగు మళ్ళీ మళ్ళీ పడి లేవడం చూసి ధైర్యం తెచ్చుకున్న రాజు, ఆయనే. అంత గుడిలో ఇప్పుడేముంది? గడ్డి. తూర్పు గోడ ఒకటి, పడమటి గోడలో కొంత, మధ్యలో స్తంభాల మొదళ్ళు. పిల్లలు పరుగులు పెడుతున్నారు. సముద్రం గాలికి నా కొంగు నిలవలేదు. ఒక మొదలుమీద కూచుని ఆలోచించేను, ఇదెవరు కూల్చేరు? పరదేశి సైన్యమా? కాదు, ఆ ఊరివాళ్ళే.

1559 జూన్‌లో జాన్ నాక్స్ అనే బోధకుడు ఆ ఊళ్ళో ఉపన్యాసాలిచ్చేడు. గుళ్ళు వ్యాపారం అయిపోయేయి, బొమ్మలకి మొక్కడం పాపం, దేవుడికీ మనిషికీ మధ్య పుస్తకం ఒక్కటే ఉండాలి అని ఆయన మాట. జనం వెళ్ళి విగ్రహాలు పగలగొట్టేరు, పటాలు చింపేరు, దీపాలు తీసేసేరు. మరుసటి యేడు, 1560లో, స్కాట్లండు పార్లమెంటు పోపు అధికారాన్ని రద్దు చేసింది. తరవాత పాడుపడ్డ గుడి రాళ్ళు ఒక్కొక్కటే ఊళ్ళో ఇళ్ళకీ గోడలకీ చేరేయి. మన పాత కోటల రాళ్ళు చేరలేదూ, అలాగే.

గ్లాస్గో చర్చి మాత్రం ఎలా మిగిలింది? పడగొట్టడానికి మనుషులు వచ్చినప్పుడు ఊళ్ళోని చేతిపనుల సంఘాలవాళ్ళు, కమ్మర్లూ తక్కినవాళ్ళూ, ఆయుధాలు పట్టుకొని అడ్డం నిలబడ్డారని చెప్పుకుంటారు. బొమ్మలు తీసేస్తే తీసెయ్యండి, కట్టడం జోలికి రావద్దన్నారట. మేం ఉక్కు ఊరివాళ్ళం, పనివాళ్ళు తమ చేతుల్తో కట్టినదానికి అడ్డం నిలబడ్డారంటే చప్పున నమ్మేస్తాం. ఆ చర్చి వెనక గుట్టమీద పెద్ద శ్మశానముంది. దాని శిఖరాన ఎత్తైన స్తంభంమీద జాన్ నాక్స్ విగ్రహం. విగ్రహాలు కూడదన్న మనిషికి, 1825లో విగ్రహం! నాకు నవ్వు ఆగలేదు.

ఇదీ అసలు సంగతి. ప్రొటెస్టెంటు చర్చిలో గోడ ఖాళీగా ఉందంటే అది పేదరికం వల్ల కాదు, మరుపు వల్ల కాదు, పట్టుదల వల్ల. మనకీ ఇది వింత కాదు. బ్రహ్మసమాజ మందిరంలోనూ విగ్రహం ఉండదు, వేదిక, ప్రార్థన, పాట ఉంటాయి. వీరేశలింగంగారి కాలంలో వాటిలోకి వెళ్ళిన మన ముత్తమ్మమ్మలు కూడా ఇదే ప్రశ్న అడిగి ఉంటారు.

ఎడింబరోలో సెయింట్ జైల్స్ అనే చర్చి ఉంది. అక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక పీట. మూడుకాళ్ళ చిన్న కంచుపీట. 1992లో స్కాట్లండు ఆడవాళ్ళు అంకితమిచ్చేరు. ఆ రోజుల్లో చర్చిలో ఆడవాళ్ళకి బల్లలుండేవి కావు, ఎవరి పీట వాళ్ళు తెచ్చుకొని కూచునేవారు. 1637 జూలై 23, ఆదివారం. లండనులో ఉన్న చార్లెస్ రాజు పంపిన కొత్త ప్రార్థన పుస్తకం చదవడానికి డీన్ లేచేడు. ఇంగ్లీషువాళ్ళ పద్ధతి మామీద రుద్దుతారా అని జనం కుతకుతలాడుతున్నారు. కూరగాయలమ్ముకునే జెన్నీ గెడ్డెస్ అనే ఆవిడ తన పీట ఎత్తి ఆయన తలమీదికి విసిరిందట. ఇంక చూడండి, గలాభా! ఆ గలాభాయే ముదిరి, మరుసటి యేడు దేశమంతా ఒడంబడిక మీద సంతకాలు చేసే దాకా, తరవాత యుద్ధాల దాకా వెళ్ళింది. ఆ పేరుగల మనిషే విసిరిందా అన్నది చరిత్రకారులు గట్టిగా చెప్పరు. కాని ఆ రోజు గొడవ మొదలుపెట్టింది ఆడవాళ్ళేనన్న దానిలో సందేహం లేదు. బజారులో తక్కెడ పట్టుకునే చేతికి చర్చిలో మాట్లాడే హక్కు లేదు. పీట మాత్రం ఉంది.

అయితే అంతా ఇలా ముచ్చటగా చెప్పుకునే కథే అనుకోకండి. దేవుడికీ మనిషికీ మధ్య ఎవరూ ఉండకూడదన్న ఆ చర్చిపెద్దలే, ఊళ్ళో ఎవరు ఏ పాపం చేసేరో విచారించడానికి సభలు పెట్టేరు. 1563లో మంత్రగత్తెల చట్టం వచ్చింది. 1736లో రద్దయ్యేదాకా నాలుగువేలకి దగ్గరగా మనుషులమీద నేరం మోపేరు. నూటికి ఎనభైమందికి పైగా ఆడవాళ్ళే. నార్త్ బెరిక్ అనే సముద్రతీరపు ఊళ్ళో పాత చర్చి శిథిలం ఒకటుంది, చిన్న గది అంత మిగిలింది. 1590లో జేమ్స్ రాజు డెన్మార్కు నుంచి పెళ్ళికూతురితో వస్తుంటే తుపాను పట్టింది. ఈ చర్చిలో మంత్రగత్తెలు చేరి తుపాను లేపేరన్నారు. ఆగ్నెస్ సాంప్సన్ అనే మంత్రసానిని పట్టుకున్నారు. నాటువైద్యం తెలిసినావిడ. నిద్రపోనివ్వకుండా హింసపెట్టి ఒప్పించేరు. 1591 జనవరిలో ఎడింబరోలో చంపేరు. ఆ జేమ్స్ రాజే తరవాత ఇంగ్లండుకీ రాజై, 1611లో వచ్చిన ప్రసిద్ధమైన ఇంగ్లీషు బైబిలుకి కారకుడయ్యేడు. ఒకే మనిషి! 2022 మార్చి 8, మహిళా దినోత్సవం నాడు స్కాట్లండు ప్రభుత్వాధినేత ఆ చనిపోయినవాళ్ళందరికీ క్షమాపణ చెప్పేరు. ఆ మే నెలలో స్కాట్లండు చర్చి మహాసభ కూడా చెప్పింది.

ఆ శిథిలం ముందు నిలబడి, ఈ దేశంవాళ్ళు ఎంత మూర్ఖులో అనుకోబోయేను. కాని మన మన్యం గుర్తుకొచ్చి నోరు కట్టుబడింది. చిల్లంగి పెట్టేరని అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన వార్త ఇప్పటికీ అప్పుడప్పుడు మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అటువంటి వార్తల్లో పసరువైద్యం తెలిసిన ముసలమ్మలు ఉండడం కొత్త కాదు.

ఇక తిరిగి మన ఊరు వద్దాం. ఆ ఖాళీగోడల పద్ధతి మన విశాఖకి ఎలా వచ్చిందీ అని చూస్తే, 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు ఇక్కడ అడుగుపెట్టేరు. తెలుగుదేశంలో ప్రొటెస్టెంటు మిషను నిలదొక్కుకున్నది అప్పుడే. వచ్చీ రాగానే తెలుగు నేర్చుకోవడానికి కూచున్నారు. వాళ్ళకి సాయం ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడు. మతం మార్చుకున్నవాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదంలో ఆయన చెయ్యి ఉంది. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయేరు. ఆ మూడు సువార్తలూ శ్రీరాంపూరులో 1812లో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. 1818లో ప్రిచెట్ అనే ఇంకొకరి చేతిమీదుగా కొత్తనిబంధన మద్రాసులో వచ్చింది. వీళ్ళకి ముందే, 1727 – 32 ప్రాంతాల్లో షుల్జ్ అనే జర్మనీ పాదిరి తెలుగు చేసిందొకటి ఉందిగాని అది అచ్చుమొహం చూడలేదు.

మరి గ్లాస్గోకీ మనకీ చుట్టరికం ఎక్కడంటారా? ఇక్కడే. గ్లాస్గోలో రాల్ఫ్ వార్డ్‌లా అని బానిసల విడుదల కోసం గట్టిగా మాట్లాడిన బోధకుడుండేవారు. జాతీయ చర్చితో సంబంధం లేకుండా, విడిగా నడిచే సంఘం ఆయనది. ఆయన కొడుకు జాన్ స్మిత్ వార్డ్‌లా ముందు బళ్ళారిలో, తరవాత మన విశాఖలో పనిచేసేరు. 1840లో వచ్చి ఐదు దశాబ్దాలు విశాఖనే ఇల్లు చేసుకున్న జాన్ హే దొరతో కలిసి తెలుగు బైబిలు పాతనిబంధనని పూర్తిచేసి, 1850ల్లో అచ్చుకి తెచ్చింది వీళ్ళే. క్లైడ్ ఒడ్డున పుట్టినాయన మన బీచి గాలిలో కూచుని, ఈ మాటకి ఏ తెలుగు మాట సరిపోతుందీ అని పండితులతో తర్కించుకున్నాడన్నమాట. గ్రాంథికమూ కాని, పూర్తి వాడుకా కాని ఆ బైబిలు తెలుగుని మనవాళ్ళు వెక్కిరిస్తారు. నేనూ వెక్కిరించినదాన్నే. ఇప్పుడు ఆ పని చెయ్యలేను. సముద్రం దాటి వచ్చి అత్తింటి భాష నేర్చుకున్న కోడలి మాట కొంచెం అలాగే ఉంటుంది.

ఆ బోధకుల భార్యలు ఆడపిల్లల్ని పోగుచేసి అక్షరాలూ, కుట్టుపనీ నేర్పేవారు. మన ఆడపిల్లల బడి చరిత్ర రాయాలంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. కాని పాత పుస్తకాలు తిరగేస్తే ఫలానా వారి భార్య అనే ఉంటుంది, పేరుండదు. వాళ్ళ దగ్గర చదువుకున్న మన ఆడపిల్లల పేర్లయితే సరేసరి. కాథలిక్కుల వైపు కూడా చూడండి. 1846లో ఫ్రెంచి మాట్లాడే సవాయి దేశపు ఆనెసీ పట్నం నుంచి పాదిరీలు విశాఖ వచ్చేరు. 1849లో అదే ఊరినుంచి సెయింట్ జోసెఫ్ కన్యాస్త్రీలు యానాంలో దిగి, తరవాత మన ఊరు వచ్చేరు. ఇవాళ జోసెఫ్ కాన్వెంటులో చదువుకున్న అమ్మాయిలు మన వీధికొకరుంటారు. కాని ఆ మొదటి కన్యాస్త్రీల పేర్లు మనలో ఒక్కరికైనా తెలుసా?

గోడలు ఖాళీ అయినా పాట ఆగలేదు, అది చెప్పడం మరిచేను. స్కాట్లండు చర్చిలో వాద్యం కూడా తీసేసి, చాలాకాలం కేవలం నోటితోనే కీర్తనలు పాడేరు. మన దగ్గర ఆ లోటు తీర్చింది పురుషోత్తమ చౌదరిగారు. 1803లో పుట్టి 1890 దాకా బతికిన కవి. ఆయన క్రైస్తవ కీర్తనలు మన రాగాల్లో, మన తాళాల్లో ఉంటాయి. ఆదివారం పొద్దున్న పాతపట్నం సందులో నడుస్తుంటే కళ్ళు మూసుకుని వినండి. భజనమందిరమో చర్చో చప్పున తేల్చుకోలేరు.

స్కాట్లండు వెళ్ళడానికి అందరికీ వీలు కాదు. అక్కర్లేదు కూడా. ఒక ఆదివారం సాయంకాలం భీమిలి వెళ్ళండి. అక్కడ 1864 నాటి సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. లోపలి రంగు అద్దాల కిటికీలో సిలువ, దానికి అటూ ఇటూ తల్లి మరియమ్మ, యోహాను. ఎండ వాలే వేళ చూడాలి. దగ్గర్లోనే డచ్చివాళ్ళ సమాధులున్నాయి. 1661 నాటిది కూడా ఉంది. గోపురంలాంటి సమాధులు, పెద్ద పెద్ద రాతిపలకలు, వాటిమీద చెక్కిన అక్షరాలు. కొన్నిటిమీద పసిపిల్లల వయసులు నెలల్లో ఉంటాయి. తెలియని భాషైనా, అంకెలు మనకీ తెలుసు కదా. ఉప్పుగాలికి ఆ అక్షరాలు యేటేటా అరిగిపోతున్నాయి. మన పాతపట్నం చర్చిల గోడలకైతే రేవునుంచి లేచే బొగ్గుపొడి, ఖనిజం దుమ్ము అదనం. గ్లాస్గో గోడ ఎందుకు నల్లగా ఉందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్ళేటప్పుడు చిన్న చిన్న జాగ్రత్తలు. ఆరాధన జరిగే వేళ చూడ్డానికి వెళ్ళకండి, వెళితే చివరి బల్లమీద కూచుని అయేదాకా ఉండండి. కాపలాదారుణ్ణి అడిగితే తాళం తీస్తాడు, అతనికి తెలిసిన కథలు పుస్తకాల్లో ఉండవు, వినండి. రాతిమీద అక్షరాలు కనబడలేదని సుద్దముక్కతో రుద్దకండి. పక్కనుంచి టార్చి లైటు వేస్తే చక్కగా కనబడతాయి. పేరు దొరికితే రాసుకోండి. ఆడపేరైతే తప్పకుండా రాసుకోండి.

మద్రాసు వెళ్ళే పని తగిలితే ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కిర్క్ చూడండి. కిర్క్ అంటే స్కాట్లండు మాటలో చర్చి. అక్కడ ఉద్యోగాలు చేసిన స్కాట్లండువాళ్ళు కట్టించుకున్నది, 1821లో తెరిచేరు. నేల చిత్తడి కావడం వల్ల మట్టి ఒరలు దింపి బావుల వరసమీద పునాది వేసేరు. లోపల గుండ్రటి డోము. దానికి నీలంరంగు వేసి బంగారు నక్షత్రాలు పెట్టేరు. విగ్రహం లేదు, పటం లేదు. కాని తల పైకెత్తితే ఆకాశముంది. ఖాళీగోడ మనిషికి ఎంతసేపని సరిపోతుంది చెప్పండి!

ఊరికి వచ్చేక అత్తగారికి ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేను. ఆవిడకిప్పుడు ఎనభై ఆరేళ్ళు, కొండ ఎక్కలేరు, డాబామీదనుంచి దీపాలు చూసి దండం పెట్టుకుంటారు. దేవుడేడీ అని అడిగిన సంగతి ఆవిడకి గుర్తే లేదు. నాక్స్ గొడవ అంతా "ఊఁ, ఊఁ" అంటూ విన్నారు. ఉంగరం కథ దగ్గర మాత్రం లేచి కూచున్నారు.

"అయితే ఆ పిల్లాడి తల్లి పేరేమన్నావూ?"

"తెన్యూ అత్తయ్యా."

"తెన్యూ" అని రెండుసార్లు అనుకున్నారు. "కొడుక్కి అంత గుడి కట్టేరు. మరి ఆవిడకి లేదూ?"

"ఉండేదట. పోయింది. ఇప్పుడు ఆవిడ పేరుమీద రైలు స్టేషనుంది. పేరు కూడా కాస్త మారిపోయిందనుకోండి."

అత్తగారు కాసేపు ఆలోచించేరు.

"పోనీలే. నలుగురూ దిగే చోటేగా" అన్నారు.